ఒకే భాషలో అనేక పద్ధతులు: సి ప్లస్ ప్లస్ ఎలా తయారైంది?

మేము ఈ హాస్టల్ గదుల్లోనే చదువుకుని ఇప్పుడు కంప్యూటర్స్‌లో పి.జి. చేస్తున్నవాళ్లం. మా ఇళ్లలో డిగ్రీ పట్టా చూసినవాళ్లలో మేమే మొదటివాళ్లం. ఈసారి సంచికకు ఏదైనా సాంకేతిక విషయం సులువుగా రాయమని అడిగారు కాబట్టి, మనవాళ్లు పరీక్షల్లో, ఇంటర్వ్యూల్లో తరచుగా ఎదుర్కొనే ఒక ప్రశ్నను తీసుకున్నాం.

'సి ప్లస్ ప్లస్ ఏ రకం భాష?' అన్నదే ఆ ప్రశ్న. మనలో చాలామంది 'ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ భాష' అని టక్కున చెప్పేస్తాం. గైడులో అలాగే ఉంటుంది, మార్కులు కూడా పడతాయి. కానీ ఆ జవాబు సగమే. ఆ భాషను తయారుచేసిన బ్యార్నే స్ట్రౌస్ట్రప్ 1995లో ఒక వ్యాసం రాసి, సి ప్లస్ ప్లస్ కేవలం ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ భాష కాదని దాని శీర్షికలోనే చెప్పారు. అది అనేక పద్ధతులను ఒకచోట కలిపిన భాష. అలా ఎందుకు కలిపారు? ఎలా కలిపారు? దానివల్ల లాభమెంత, నష్టమెంత? ఈ మూడు విషయాలు తెలిస్తే గైడులో బట్టీపట్టిన తేడాల పట్టిక వెనుక ఉన్న కారణాలు అర్థమవుతాయి.

పద్ధతి అంటే ఏమిటి?

కంప్యూటర్‌కు మన మాటలు అర్థం కావు. మనం చేయించదలచిన పనిని దానికి తెలిసే ఆజ్ఞలుగా మార్చడానికి ప్రోగ్రామింగ్ భాషలు ఉన్నాయి. అయితే ఒకే పనిని గురించి అనేక విధాలుగా ఆలోచించవచ్చు. ఇలా ఆలోచించే తీరునే ఇంగ్లీషులో పారడైమ్ అంటారు. మనం పద్ధతి అందాం. రాబర్ట్ ఫ్లాయిడ్ అనే శాస్త్రవేత్తకు 1978లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. కంప్యూటర్ రంగంలో దానికి నోబెల్ బహుమతితో సమానమైన గౌరవం ఉంది. ఆ సందర్భంగా ఆయన చేసిన ప్రసంగం మొత్తం ఈ పద్ధతుల మీదే. ప్రోగ్రామర్ తనకు తెలిసిన పద్ధతులను పెంచుకుంటూ పోవాలనీ, భాషలు ఆ పద్ధతులకు వీలు కల్పించాలనీ ఆయన వాదించారు.

పద్ధతులు ఎలా వేరవుతాయో మనకు బాగా తెలిసిన లెక్కతోనే చూద్దాం.

మెస్ బియ్యం లెక్క: నాలుగు దారులు

ఈ పూట వంటకు ఎంత బియ్యం తీయాలో తేలాలి. హాజరైన పిల్లలకే లెక్క. 3 నుంచి 7వ తరగతి వాళ్లకు తలకు 150 గ్రాములు, 8 నుంచి 10వ తరగతి వాళ్లకు 200 గ్రాములు అనుకుందాం. ఈ అంకెలు ఉదాహరణకే, అసలు కొలతలు కావు. చిన్న తరగతులవాళ్లు 30 మంది, పెద్ద తరగతులవాళ్లు 50 మంది హాజరయ్యారు. అంటే 4,500 గ్రాములు, 10,000 గ్రాములు కలిపి మొత్తం 14 కిలోల 500 గ్రాములు. జవాబు ఒకటే. కానీ దానికి చేరే దారులు నాలుగు.

మొదటిది, వరుస ఆజ్ఞల పద్ధతి. పలక మీద సున్న రాసుకో. హాజరు పట్టీలో మొదటి పేరు చూడు. హాజరైతే తరగతి చూసి 150 గానీ 200 గానీ కలుపు. పాత అంకె చెరిపి కొత్త అంకె రాయి. తర్వాతి పేరుకు వెళ్లు. పేర్లు అయిపోయాక పలక మీద ఉన్నదే జవాబు. సి భాషలో మనం రాసేది ఇదే. కంప్యూటర్ యంత్రం కూడా లోపల ఇలాగే నడుస్తుంది కాబట్టి ఈ పద్ధతిలో వేగం ఎక్కువ.

రెండవది, ఆబ్జెక్ట్ పద్ధతి. ప్రతి విద్యార్థికి ఒక కార్డు ఉందనుకోండి. అతని తరగతి, హాజరు అన్నీ ఆ కార్డులోనే ఉంటాయి. 'నీకెన్ని గ్రాములు?' అని అడిగితే కార్డే జవాబు చెబుతుంది. వంట మనిషికి తరగతులతో పనిలేదు. రేపు జ్వరం వచ్చినవాడికి పథ్యం పెట్టాల్సి వస్తే కొత్త రకం కార్డు ఒకటి తయారుచేస్తే చాలు, వంట మనిషి అడిగే తీరు మారదు. సమాచారం, దాని మీద జరిగే పని ఒకేచోట ఉండటమే ఈ పద్ధతి బలం.

మూడవది, ఫంక్షనల్ పద్ధతి. ఇందులో దేన్నీ చెరపరు. పేర్ల జాబితా నుంచి హాజరైనవాళ్ల జాబితా ఒకటి తీస్తారు. దాని నుంచి గ్రాముల జాబితా తీస్తారు. చివరికి ఆ గ్రాములన్నీ కూడతారు. ప్రతి మెట్టులోనూ కొత్త జాబితా వస్తుంది, పాతది అలాగే ఉంటుంది. ఎక్కడైనా తప్పు వస్తే ఏ మెట్టులో వచ్చిందో పట్టుకోవడం తేలిక. పనిని ఇద్దరు చెరిసగం చేసి చివర్లో కలుపుకోవచ్చు, ఎందుకంటే ఒకరి పలకను మరొకరు చెరిపే అవకాశమే లేదు. 1958లో జాన్ మెకార్తీ మొదలుపెట్టిన లిస్ప్ భాష ఈ దారికి తొలి పెద్ద ఉదాహరణ.

నాలుగవది, లాజిక్ పద్ధతి. ఇందులో ఎలా లెక్కించాలో చెప్పం. నిజాలు, నియమాలు మాత్రమే చెబుతాం. 'ఫలానా విద్యార్థి హాజరయ్యాడు', 'హాజరై, పెద్ద తరగతి అయితే 200' అని రాసి ప్రశ్న వేస్తాం. వెతకడం యంత్రం వంతు. 'ఈ పిల్లవాడికెంత?' అనే కాదు, అదే నియమంతో '200 ఎవరెవరికి?' అని తిరగేసి కూడా అడగవచ్చు. 1972 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని మార్సెయ్ నగరంలో పుట్టిన ప్రోలాగ్ ఈ కోవకు చెందింది.

కలపడం ఎందుకు?

ఈ నాలుగింటిలో ఏది గొప్పది అని అడిగితే జవాబు లేదు. ఒకే పనిలో వేర్వేరు స్వభావాలు గల భాగాలుంటాయి. పథ్యం, చిన్న తరగతి, పెద్ద తరగతి అనే రకాలను సర్దడానికి కార్డుల పద్ధతి బాగుంటుంది. హాజరైనవాళ్లను వడగట్టి కూడటానికి జాబితాల పద్ధతి బాగుంటుంది. చివరికి స్టాక్ రిజిస్టరులో 14 కిలోల 500 గ్రాములు తగ్గించి రాయాలంటే నిజంగానే ఒక అంకె మారాలి. దానికి వరుస ఆజ్ఞలే సరిపోతాయి. ఒక్క పద్ధతి మాత్రమే తెలిసిన భాషలో మొత్తం రాయాలంటే ఏదో ఒక భాగం దగ్గర మెలికలు తిరగాల్సి వస్తుంది.

ఈ ఇబ్బందిని స్ట్రౌస్ట్రప్ స్వయంగా అనుభవించారు. సి ప్లస్ ప్లస్ కథ అక్కడే మొదలవుతుంది.

కేంబ్రిడ్జ్‌లో ఎదురైన చిక్కు

స్ట్రౌస్ట్రప్ 1950లో డెన్మార్క్‌లోని ఆర్హుస్ నగరంలో ఒక కార్మిక కుటుంబంలో పుట్టారు. ఊళ్లోని విశ్వవిద్యాలయంలోనే చదివి, పిహెచ్.డి. కోసం ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌కు వెళ్లారు. అక్కడ అనేక కంప్యూటర్లు కలిసి పనిచేసే వ్యవస్థ ఎలా నడుస్తుందో పరీక్షించే ప్రోగ్రాం ఒకటి రాయాల్సి వచ్చింది. దానికి సిమ్యులా అనే భాషను ఎంచుకున్నారు. నార్వేలోని ఓస్లోలో ఒలె యోహాన్ డాల్, క్రిస్టెన్ నైగార్డ్ 1960లలో తయారుచేసిన భాష అది. క్లాసులు, ఆబ్జెక్టులు అనే ఆలోచన అక్కడే పుట్టింది.

సిమ్యులాలో ప్రోగ్రాం రాయడం స్ట్రౌస్ట్రప్‌కు హాయిగా అనిపించింది. ఆలోచన ఎలా ఉందో ప్రోగ్రాం అలాగే వచ్చింది. తప్పులు తేలిగ్గా దొరికాయి. కానీ నడిపి చూస్తే విపరీతమైన ఆలస్యం. పరిశోధనకు కావాల్సిన ఫలితాలు ఆ వేగంతో రావు. చేసేదిలేక మొత్తం ప్రోగ్రాంను బి.సి.పి.ఎల్. అనే చిన్న భాషలో తిరిగి రాశారు. సి భాషకు పూర్వీకురాలు అదే. ఈసారి వేగం వచ్చింది గానీ రాయడం నరకంగా మారింది. ఒక భాష మనిషికి అనుకూలం, మరొకటి యంత్రానికి అనుకూలం. రెండూ ఒక్కచోట దొరకలేదు.

1979లో ఆయన అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో చేరారు. డెనిస్ రిచీ సి భాషను తయారుచేసిన సంస్థ అదే. అక్కడ సి భాషకు సిమ్యులా క్లాసులను జోడించే పని మొదలుపెట్టారు. మొదట దాని పేరు 'సి విత్ క్లాసెస్'. 1983లో సి ప్లస్ ప్లస్ అనే పేరు వచ్చింది. సి భాషలో రెండు ప్లస్ గుర్తులు పెడితే ఒకటి పెంచమని అర్థం కదా, అదే చమత్కారం. 1985లో మార్కెట్లోకి విడుదలైంది.

డిజైనర్ పెట్టుకున్న షరతులు

రెండు పద్ధతులను కలపడమంటే రెండు పుస్తకాలను ఒకే అట్టలో కుట్టడం కాదు. కలిపేవాడికి కొన్ని షరతులు ఉండాలి. స్ట్రౌస్ట్రప్ పెట్టుకున్నవాటిలో ముఖ్యమైనవి మూడు.

మొదటి షరతు, పాతది చెడకూడదు. అప్పటికే సి భాషలో ఎంతో పని జరిగి ఉంది. దాన్ని పారేసి రమ్మంటే ఎవరూ రారు. అందుకే సి ప్రోగ్రాంలు వీలైనంత వరకు కొత్త భాషలోనూ నడిచేటట్లు చూశారు.

రెండవ షరతు, వాడనిదానికి ఖర్చు పడకూడదు. మెస్‌లో గుడ్డు తిననివాడి బిల్లులో గుడ్డు ఖరీదు వేయకూడదన్నంత న్యాయమైన షరతు ఇది. పరీక్షలో మనం 'వర్చువల్ ఫంక్షన్ అంటే ఏమిటి' అని రాస్తాం గానీ, ఆ 'వర్చువల్' అనే మాటను మనమే ఎందుకు రాయాలో ఆలోచించం. జావాలో ఆ మాట అక్కర్లేదు, మామూలుగా ఫంక్షన్లు అలాగే ఉంటాయి. సి ప్లస్ ప్లస్‌లో మనం అడిగితేనే వస్తుంది. కారణం ఈ షరతే. ఒక క్లాసులో వర్చువల్ ఫంక్షన్ ఉంటే, ఏ రకం ఆబ్జెక్టుకు ఏ ఫంక్షన్ పిలవాలో తెలియడానికి సాధారణంగా ప్రతి ఆబ్జెక్టులో కంటికి కనిపించని పాయింటర్ ఒకటి చేరుతుంది. దానికి చోటు కావాలి, పిలిచేటప్పుడు కొంచెం సమయం కావాలి. అది అక్కర్లేని క్లాసుకు ఆ భారం ఉండదు. రెండు పూర్ణాంకాలున్న మామూలు క్లాసు, సి భాషలోని స్ట్రక్చర్ ఎంత చోటు తీసుకుంటుందో అంతే తీసుకుంటుంది.

మూడవ షరతు, ఎవరినీ బలవంతపెట్టకూడదు. క్లాసు లేకుండా ప్రోగ్రాం రాయాలనుకుంటే రాసుకోవచ్చు. జావాలో ఏ ఫంక్షన్ అయినా ఏదో ఒక క్లాసులోనే ఉండాలనే నియమంతో మొదలైంది. సి ప్లస్ ప్లస్ ఆ నియమం పెట్టలేదు.

అతుకుల దగ్గరే అసలు పని

కొత్త సౌకర్యాన్ని చేర్చడం ఒక ఎత్తు. అది మిగతా సౌకర్యాలతో ఎలా కలుస్తుందో చూడటం పదెత్తులు. బట్ట ఎంత మంచిదైనా కుట్టు దగ్గర తెగుతుంది కదా. మూడు అతుకులను చూద్దాం.

ఒకటి, తాళంచెవి సమస్య. వంట మనిషి వార్డెన్ గారి దగ్గర స్టోర్ రూం తాళంచెవి తీసుకోవాలి, బియ్యం తీయాలి, తాళం వేయాలి, చెవి తిరిగి ఇవ్వాలి. మధ్యలో వంటింట్లో ఏదో ప్రమాదమని కేక వినిపించి పరుగెత్తితే? చెవి జేబులోనే ఉండిపోతుంది. ప్రోగ్రాంలోనూ ఇంతే. మెమరీ తీసుకుంటాం, ఫైలు తెరుస్తాం, చివర్లో తిరిగి ఇవ్వాలి. మధ్యలో పొరపాటు జరిగి ఎక్సెప్షన్ వస్తే ప్రోగ్రాం ఒక్కసారిగా బయటికి దూకేస్తుంది, చివర్లో రాసిన 'తిరిగి ఇవ్వు' అనే ఆజ్ఞ నడవదు.

దీనికి జవాబు ఆబ్జెక్ట్ పద్ధతిలో దొరికింది. చెవిని ఒక ఆబ్జెక్టుకు అప్పగించాలి. ఆ ఆబ్జెక్టు ఉన్న భాగం ముగిసినప్పుడు డిస్ట్రక్టర్ దానంతటదే నడిచి చెవిని తిరిగి ఇచ్చేస్తుంది. పని సజావుగా ముగిసినా సరే, ఎక్సెప్షన్ వచ్చి పట్టుకునే చోటికి దూకినా సరే. డిస్ట్రక్టర్లు 1979 నాటి తొలి రూపంలోనే ఉన్నాయి. ఎక్సెప్షన్లు 1990 ప్రాంతంలో చేరాయి. కొత్తది వచ్చినప్పుడు పాతది దానికి ఆసరా ఇచ్చింది. ఆర్.ఎ.ఐ.ఐ. అనే పేరుతో పుస్తకాల్లో కనిపించేది ఈ కిటుకే. 'డిస్ట్రక్టర్‌కు క్లాసు పేరు ముందు టిల్డా గుర్తు ఉంటుంది' అని మాత్రమే బట్టీపట్టినవాళ్లకు ఇది ఎన్నటికీ కనిపించదు.

రెండు, వేలు పెట్టి చదవడం. సమాచారాన్ని దాచే పాత్రలు చాలా ఉన్నాయి. వరుస, గొలుసు, సమితి, చెట్టు ఇలా. వాటి మీద చేసే పనులూ చాలా ఉన్నాయి. వెతకడం, లెక్కపెట్టడం, తిరగేయడం మొదలైనవి. 6 రకాల పాత్రలు, 10 రకాల పనులు ఉంటే ప్రతి పాత్రకూ ప్రతి పనినీ విడిగా రాయాలి. అంటే 60 ఫంక్షన్లు. హెచ్‌పి ల్యాబ్స్‌లో అలెగ్జాండర్ స్టెపనోవ్, మెంగ్ లీ దీనికి మరో దారి చూపించారు. రిజిస్టరు చదివేటప్పుడు మనం పేర్ల మీద వేలు పెట్టి కిందికి జరుపుతాం. ఆ వేలికి రెండు పనులు వస్తే చాలు: ఇక్కడేముందో చూపించడం, తర్వాతిదానికి జరగడం. ప్రతి పాత్ర తనదైన వేలిని ఇస్తుంది. ప్రతి పనీ వేలితోనే జరుగుతుంది, పాత్ర ఏమిటో దానికి తెలియక్కర్లేదు. ఇప్పుడు 6 పాత్రలు, 10 పనులు కలిపి 16 రాస్తే చాలు. ఆ వేలిపేరే ఇటరేటర్. అందరి వేళ్లూ ఒకేలా ఉండవన్నది మరో సంగతి. గొలుసు మీది వేలు ఒక్కొక్క అడుగే జరుగుతుంది, ఎక్కడికంటే అక్కడికి దూకలేదు. అందుకే సాధారణ సార్ట్ ఫంక్షన్ గొలుసుకు పనిచేయదు, గొలుసుకు తన సార్ట్ తనకే ఉంటుంది.

ఈ ఏర్పాటు ఆబ్జెక్ట్ పద్ధతి కాదు. ఆబ్జెక్ట్ పద్ధతిలో పని, సమాచారం ఒకచోట ఉండాలి. ఇక్కడ వాటిని కావాలనే విడదీశారు. దీన్ని జెనరిక్ పద్ధతి అంటారు. స్టెపనోవ్‌కు ఆబ్జెక్ట్ పద్ధతి మీద పెద్దగా నమ్మకం కూడా లేదు. అయినా 1994లో ఆయన గ్రంథాలయం సి ప్లస్ ప్లస్‌లోకి వచ్చింది, 1998లో వెలువడిన అంతర్జాతీయ ప్రమాణంలో భాగమైంది. ఒక భాషలో రెండు వ్యతిరేక ఆలోచనలకు చోటు దొరకడం అంటే ఇదే.

మూడు, పేరులేని ఫంక్షన్. 'హాజరైనవాళ్లను మాత్రమే వడగట్టు' అనే చిన్న షరతును ఫంక్షన్‌గా అందించాలంటే పూర్వం దానికోసం ఎక్కడో ఒక క్లాసు రాయాల్సి వచ్చేది. 2011 ప్రమాణంలో ల్యాంబ్డా వచ్చింది. షరతును అవసరమైన చోటే రాసేయవచ్చు. కంపైలర్ లోలోపల దాన్ని ఒక చిన్న ఆబ్జెక్టుగానే మారుస్తుంది. ఫంక్షనల్ పద్ధతి ఇక్కడ ఆబ్జెక్ట్ పద్ధతి భుజాల మీద నిలబడింది.

కానీ ఇక్కడొక ప్రశ్న పుడుతుంది. ఆ చిన్న ఫంక్షన్ బయటి చరరాశిని వాడుకుంటే, దాని నకలు తీసుకోవాలా, లేక అసలుదాన్నే చూపుతూ ఉండాలా? లిస్ప్ వంటి భాషల్లో ఈ ప్రశ్న రాదు. వాడుకుంటున్నంత కాలం ఆ రాశిని భాషే బతికించి ఉంచుతుంది. సి ప్లస్ ప్లస్‌లో చరరాశి తన భాగం ముగియగానే పోతుంది. అసలుదాన్ని చూపుతున్న ఫంక్షన్‌ను ఆ తర్వాత పిలిస్తే ప్రోగ్రాం దెబ్బతింటుంది. కాబట్టి నకలా, అసలా అన్నది మనమే రాయాలి. వేగం కోసం పెట్టుకున్న షరతుకు ఇక్కడ మనం చెల్లించే మూల్యం ఇది.

కలిపితే వచ్చే నష్టాలు

లాభాలే చెప్పి ఊరుకుంటే అది వ్యాసం కాదు, ప్రకటన అవుతుంది. పద్ధతులు పెరిగిన కొద్దీ నేర్చుకోవాల్సింది పెరుగుతుంది. 1998 నాటి ప్రమాణ పత్రం 700 పేజీలకు పైగా ఉంటే, 2011 నాటిది 1,300 పేజీలు దాటింది. ఒకే పనిని అయిదుగురు అయిదు విధాలుగా రాస్తారు, ఒకరిది మరొకరికి అర్థం కాదు. అందుకే పెద్ద సంస్థలు ఈ భాషలో ఏయే భాగాలు వాడాలో, ఏవి వాడకూడదో తమ ఉద్యోగులకు విడిగా నియమాలు రాసి ఇస్తాయి.

ఈ ప్రమాదం స్ట్రౌస్ట్రప్‌కూ తెలుసు. 2018లో ఆయన ప్రమాణాల సంఘానికి రాసిన ఒక పత్రంలో వాసా ఓడను గుర్తుపెట్టుకోండని హెచ్చరించారు. స్వీడన్ రాజు కోసం ఎంతో ఆర్భాటంగా కట్టిన యుద్ధనౌక అది. పైభాగంలో ఫిరంగుల బరువు ఎక్కువై, దాన్ని నిలబెట్టే బలం అడుగున చాలక, 1628లో మొదటి ప్రయాణంలోనే స్టాక్‌హోం రేవులో మునిగిపోయింది. చేర్చమని అడిగిన ప్రతి సౌకర్యం విడిగా చూస్తే మంచిదే కావచ్చు, అన్నీ ఎక్కిస్తే ఓడ తేలుతుందా అన్నది చూసుకోవాలి.

మరో దారి: స్కాలా

సి ప్లస్ ప్లస్ మెట్టు మెట్టుగా చేర్చుకుంటూ పోయింది. మొదటే రెండు పద్ధతులను ఒక్కటిగా పోతపోయలేమా? స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో మార్టిన్ ఒడెర్‌స్కీ అలాగే ఆలోచించారు. 2001లో రూపకల్పన మొదలుపెట్టి 2004లో స్కాలా భాషను విడుదల చేశారు. అందులో ప్రతి విలువా ఆబ్జెక్టే. 1 అనే అంకె కూడా ఆబ్జెక్టే, 1కి 2 కలపమంటే 1 అనే ఆబ్జెక్టును పిలిచినట్టే. ఫంక్షన్ కూడా ఆబ్జెక్టే, పిలిస్తే జవాబిచ్చే ఆబ్జెక్టు. కాబట్టి ఫంక్షనల్ పద్ధతి, ఆబ్జెక్ట్ పద్ధతి అనే రెండు గదుల మధ్య గోడే లేదు. పేరు పెట్టేటప్పుడే ఈ విలువ మారవచ్చా, మారకూడదా అన్నది ప్రోగ్రామర్ చెబుతాడు. ఇది జావా యంత్రం మీదే నడుస్తుంది కాబట్టి పాత జావా గ్రంథాలయాలన్నీ పనికొస్తాయి. పెద్దమొత్తం సమాచారాన్ని విశ్లేషించే అపాచీ స్పార్క్‌ను ప్రధానంగా ఈ భాషలోనే రాశారు.

జావా కూడా 2014లో ల్యాంబ్డాలను చేర్చుకుంది. 1991లో విడుదలైన పైథాన్‌లో క్లాసులు, ఫంక్షన్లు, వరుస ఆజ్ఞలు పక్కపక్కనే ఉంటాయి. ఈ రోజు విరివిగా వాడే భాషల్లో ఒకే పద్ధతికి కట్టుబడినవి అరుదు. 'ఏ భాష ఏ రకం?' అనే ప్రశ్న కన్నా 'ఈ భాగానికి ఏ పద్ధతి?' అనే ప్రశ్నే పనికొచ్చేది.

మనకెందుకు ఇదంతా?

మన రాష్ట్రాల్లో చాలా కాలేజీల ల్యాబుల్లో ఏళ్ల తరబడి టర్బో సి ప్లస్ ప్లస్ వాడారు. 1990ల తొలి ఏళ్ల నాటి సాఫ్ట్‌వేర్ అది. ఆ రోజులకు మంచిదే, తప్పు దానిది కాదు. కానీ 1998 ప్రమాణం కన్నా ముందుది కాబట్టి అందులో స్టెపనోవ్ గ్రంథాలయం లేదు, ఎక్సెప్షన్లు లేవు, ల్యాంబ్డా మాట అసలే లేదు. దాని మీదే నేర్చుకుని దాని మీదే పరీక్ష రాసిన విద్యార్థికి భాషలో సగం కంటబడలేదు. పట్నంలో కోచింగ్ తీసుకున్నవాళ్లు ఆ మిగతా సగం అక్కడ నేర్చుకున్నారు. ఇంటర్వ్యూలో ఇద్దరినీ ఒకే ప్రశ్న అడుగుతారు. జవాబు రానివాడు తనకు తెలివి లేదనుకుంటాడు. అతనికి తక్కువైంది తెలివి కాదు, ల్యాబులో ఉన్న సాఫ్ట్‌వేర్ పాతది.

ఈ తేడా పూడ్చుకోవడానికి డబ్బు అక్కర్లేదు. జి.సి.సి. అనే కంపైలర్ ఉచితం, పాత కంప్యూటర్ల మీద కూడా నడుస్తుంది. ల్యాబులో టర్బో ఉంటే దాన్ని తిట్టుకుంటూ కూర్చోకుండా పక్కన దీన్ని వేయించమని సార్‌ను అడగండి. డిగ్రీ, ఇంజనీరింగ్ చదువుతున్న తమ్ముళ్లు వెక్టర్, సార్ట్, ల్యాంబ్డా ఈ మూడింటితో మొదలుపెట్టండి. ఇంగ్లీషు మీడియం కాదని వెనకాడకండి. భాషలోని ఆజ్ఞల మాటలు వందకు కొంచెం అటూ ఇటూ ఉంటాయి. మిగిలినదంతా ఆలోచన, దానికి మీడియం లేదు.

పదో తరగతిలోపు తమ్ముళ్లు కంప్యూటర్ లేకుండానే ఒక పని చేయవచ్చు. మీరే ఒక చిన్న భాషను తయారుచేస్తున్నారనుకుని నాలుగు ప్రశ్నలకు నోటుబుక్కులో జవాబులు రాయండి. మీ భాషలో అంకెలు, పేర్లు, జాబితాలు వీటిలో ఏవేవి ఉంటాయి? ఒకసారి పేరు పెట్టిన విలువ మళ్లీ మారవచ్చా? ఒక పనిని ఇంకో పనికి వస్తువులా అందించవచ్చా? మధ్యలో పొరపాటు జరిగితే ఏం కావాలి? ఒక ప్రశ్నకు మీరిచ్చిన జవాబు ఇంకో ప్రశ్న దగ్గర అడ్డం వస్తుందేమో చూసుకోండి. స్ట్రౌస్ట్రప్, ఒడెర్‌స్కీ వంటివారు ఏళ్ల తరబడి కుస్తీపట్టింది ఇలాంటి ప్రశ్నలతోనే.

తర్వాత మీ భాషలో పైన చెప్పిన బియ్యం లెక్కను రాయండి. అందులో పథ్యం తినేవాడిని ఒకడిని చేర్చి, ఎన్ని చోట్ల మార్చాల్సి వచ్చిందో లెక్కపెట్టండి. తక్కువ చోట్ల మారితే మీ రూపకల్పన బాగున్నట్టు. రాసినవి హాల్లో ఉన్న గోడపత్రిక మీద అంటించండి. సంక్రాంతి సెలవుల ముందు మేము హాస్టల్‌కు వస్తాం. స్టడీ అవర్‌లో అందరం కూర్చుని ఒక్కొక్కటీ చూద్దాం.